దిగుడుబండ మీది రాయి

నేను చచ్చిపోయానని ఇప్పమానువలస బాప్టిస్టు చర్చిలో ప్రార్థన చేశారు. 2015 నవంబరు ఇరవై రెండు, ఆదివారం. ప్రార్థన సగంలో ఉండగా నేనే ఒక ప్లాస్టిక్ సంచీ పట్టుకుని ఆ చర్చి గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల చిన్న బల్ల మీద తెల్ల తుండుగుడ్డ పరిచి నా చెప్పుల జత పెట్టారు. పక్కన బంతిపూలు. నా చెప్పులకి అంత మర్యాద ఎన్నడూ జరగలేదు, ఇక ముందు జరగదు కూడా.

దీనికంతటికీ కారణం నా తలబిరుసు. కానీ ఇది నా కథ కాదు, జీవరత్నం కథ. ఆవిడ గురించి చెప్పాలంటే నా తప్పు దగ్గర మొదలుపెట్టక తప్పదు.

నా పేరు అరుణశ్రీ. భావనపాడులో చేపల వ్యాపారం చేసే ఎల్లాజీ కూతుర్ని. విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. నాకు రెండు జబ్బులున్నాయి. ఏదైనా ఎందుకలా ఉందో తెలియకపోతే అన్నం సహించదు, అది ఒకటి. ఎవరైనా దారి చూపిస్తామంటే ఒళ్ళు మండుతుంది, అది రెండోది. మొదటి జబ్బు నన్ను ఇప్పమానువలస తీసుకెళ్ళింది. రెండోది చంపేసింది.

శృంగవరపుకోటలో ఆటో ఎక్కి, కొండల వైపు పోయి, తారు రోడ్డు అయిపోయిన చోట దిగి, గెడ్డ అనే కొండవాగు పక్కన అరగంట నడిస్తే ఆ ఊరు వస్తుంది. నలభై ఇళ్ళు, ఒక చర్చి, వెనకాల అడవితో నిండిన దొరకొండ. కొండ మీద పూర్వం మిషను దొరలు ఎండాకాలంలో ఉండటానికి కట్టుకున్న బంగ్లా ఉందనీ, అక్కడికి రాతిమెట్ల దారి ఉందనీ, గాలి తేటగా ఉన్న రోజున పైనుంచి సముద్రం కనిపిస్తుందనీ మా కాలేజీలో ఎవరో చెప్పారు. అప్పటికే ఆదివారాలు విశాఖపట్నం నుంచి కుర్రాళ్ళు సంచులు తగిలించుకుని రావడం మొదలైంది. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, సముద్రం కొండ మీంచి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నవంబరు రెండో శనివారం ఒక్కదాన్నే బయల్దేరాను.

ఊరి చివర, మెట్లు మొదలయ్యే చోట, మంచమంత వెడల్పున ఒక చదునైన బండ ఉంది. దాని పక్కన ఒకావిడ కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. యాభైకి దగ్గర వయసు, బక్కపలచని మనిషి, కాళ్ళకి పాత టైరు చెప్పులు. ఆవిడే జీవరత్నం.

"ఒక్కర్తివే వచ్చీసినావేటి?" అంది తల ఎత్తకుండానే. "నాను రానా, దారి సూపడానికి?"

"అక్కర్లేదు. దారి కనబడుతూనే ఉంది కదా" అన్నాను.

అప్పుడు తలెత్తి నా మొహం కాదు, నా కాళ్ళు చూసింది. నావి కొత్త చెప్పులు, కాస్త ఎత్తు మడమలవి. "వీటితో ఎక్కితే సగం కాడ కాలిరిగి కూకుంటావు" అని ఇంట్లోకి వెళ్ళి కూతురు దీవెన కాన్వాసు బూట్లు తెచ్చి నా ముందు పడేసింది. "దిగినాక నీ సెప్పులు నువ్వు పట్టుకెల్దువు గాని. ఇప్పుడొక రాయి తెచ్చి బండ మీదెట్టు."

"రాయెందుకు?"

ఆ ఊళ్ళో ఇది ఎప్పట్నించో ఉన్న పద్ధతి. కట్టెలకి గానీ, ఆకులకి గానీ, తేనెకి గానీ, చివరికి షికారుకి గానీ కొండ ఎక్కే ప్రతి మనిషీ ఈ బండ మీద ఒక రాయి పెట్టాలి. దిగాక బండ దగ్గరున్నవాళ్ళు "దిగేవా?" అని అడుగుతారు. "దిగేను" అని చెప్పి, ఎవరి రాయి వాళ్ళు తీసి గెడ్డలోకి విసిరేయాలి. పొద్దు వాలేసరికి బండ మీద రాయి మిగిలితే కొండ మీద మనిషి మిగిలినట్టు. ఊరంతా కదిలి వెతకడానికి వెళ్తుంది. పేర్లు అడగరు, రాయే మనిషి. ఈ బండని దిగుడుబండ అంటారు.

నాకు చాలా నచ్చింది. ఒక తెల్ల రాయి ఏరుకొచ్చి పెట్టాను. అప్పటికి బండ మీద ఏడెనిమిది రాళ్ళున్నాయి. అన్నీ నాలాగే ఆ పూట ఎక్కినవాళ్ళవి. ఒక మూల మాత్రం జానెడు పొడుగున్న నల్లరాయి ఒకటి ఉంది. దాని అడుగున పాచి పట్టి బండతో కలిసిపోయింది. ఇదేమిటా అని చెయ్యి చాపాను.

"అది ముట్టకు!"

ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మా తమ్ముడు సంజయ్‌ది. ఇంకా దిగనేదు."

"ఎప్పుడు ఎక్కాడు?"

"పంతొమ్మిదేల్లు అవుతాది వచ్చే నెలకి" అంది. పొద్దున్న ఎక్కాడు, మధ్యాహ్నానికి వచ్చేస్తాడు అన్నంత మామూలుగా. మళ్ళీ విస్తరి చేతిలోకి తీసుకుంది. ఇంకేమీ అడగడానికి వీల్లేకుండా తల దించేసింది.

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ నల్లరాయే నా బుర్రలో తిరిగింది. పంతొమ్మిదేళ్ళ రాయి. ఎవరూ తీసెయ్యలేదా? అతను ఏమయ్యాడు? చనిపోయాడని తెలిసీ ఉంచుకుందా, తెలియక ఉంచుకుందా? దిగాక అడిగి తీరాలి అనుకున్నాను. పైకి చేరేసరికి మోకాళ్ళు రెండూ నావి కావు. అక్కడ విశాఖపట్నం కుటుంబం ఒకటి పులిహోర తింటోంది. వాళ్ళు అవతలి వైపు కొత్తగా వేసిన రోడ్డు మీద వ్యానులో వచ్చారట. నాకూ ఇంత పెట్టారు. "మీరెందుకండీ మళ్ళీ అంత దూరం నడవడం, కొత్తవలసలో దింపేస్తాం రండి" అన్నారు. ఎక్కేశాను. బూట్లు మాత్రం కొత్తవలస దగ్గర గుర్తొచ్చాయి, వచ్చే ఆదివారం తిరిగి ఇచ్చేద్దాం అనుకున్నాను. రాయి మాత్రం గుర్తే రాలేదు. నిజం చెబుతున్నాను, ఆ వారమంతా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అందుకే ఆ ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడినప్పుడు, బల్ల మీద నా చెప్పులు చూసి, ఎవరో పొరపాటున పెట్టారనుకున్నాను.

మొదట నన్ను చూసింది దీవెన. చూసింది నా మొహం కాదు, సంచీలోంచి కనిపిస్తున్న తన బూట్లు. "అమ్మా!" అని అరిచింది. ప్రార్థన ఆగిపోయింది. జీవరత్నం వెనక్కి తిరిగి నన్ను చూసి, రెండు అంగల్లో వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"బతికే ఉన్నావేటి?"

"ఉన్నానక్కా."

"మరి రాయెందుకు తియ్యనేదు?"

ఎక్కడికి పోయావని అడగలేదు. ఏమైపోయావని అడగలేదు. రాయెందుకు తియ్యలేదని అడిగింది.

తర్వాత దీవెన చెప్పింది. ఆ శనివారం పొద్దు వాలింది, అన్ని రాళ్ళూ పోయాయి, నా తెల్లరాయి మిగిలింది. చీకటి పడేదాకా వెతికారట. మర్నాడు ఆరాధన మానుకుని ఊరు ఊరంతా కొండ మీదే ఉన్నారు. సోమవారం, మంగళవారం కూలికి పోలేదు. సోములు అనే ఆయన లోయలోకి దిగుతూ జారి మడమ చీల్చుకున్నాడు. ఎలుగుబంటి ఎత్తుకుపోయిందని కొందరన్నారు. జీవరత్నం మాత్రం బూటు జాడలు వెతుక్కుంటూ తిరిగింది, అవి బంగ్లా దాకా ఉన్నాయి, తర్వాత రాతి నేల. చివరికి పాస్టరుగారు పేరు తెలియని సహోదరి కోసం ప్రార్థిద్దాం, ప్రభువుకి పేరు తెలుసు అన్నారట. గుర్తుగా చెప్పులు పెట్టారు.

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకుముందు వాళ్ళు చంపిన దానికంటే ఎక్కువగానే.

సోములు ఇంటికి వెళ్ళి కట్టుకట్టిన కాలు ముందు కూర్చుని క్షమించమన్నాను. ఆయన నవ్వి, "నువ్వు బతికున్నావు కదమ్మా, మడమదేటుంది" అన్నాడు. ఆ మాటకి ఇంకా సిగ్గేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టే పని జీవరత్నం చూసుకుంది. బండ దగ్గరికి లాక్కెళ్ళి మొదలుపెట్టింది. "సదువుకున్నదానివి. రాయెట్టినావు. ఎట్టినప్పుడు సెప్పినాను. అటేపు ఎల్లిపోతే మాకెలగ తెలస్తాది? నువ్వు ఇంటికెల్లి అన్నం తిని తొంగున్నావు. నాను ఇక్కడ..." అని ఆగిపోయింది. వేరే గొంతుతో అడిగింది. "అటేపు దిగిపోనావా?"

"ఆఁ. వ్యానులో."

"దిగినాక రాయి గుర్తు రానేదా?"

"రాలేదక్కా."

"ఇంటికెల్లినాక?"

"రాలేదు."

"అసలు గుర్తే రానేదా?"

ఎన్నిసార్లు అడిగిందో. నన్ను నిలదీయడానికి కాదని నాలుగోసారికి అర్థమైంది. తనకి నిజంగా తెలియక అడుగుతోంది. రాయి పెట్టిన మనిషి రాయి మర్చిపోగలదన్న సంగతి ఆవిడకి ఆ రోజే తెలిసింది. అక్కడ పుట్టిన పిల్లలు నడక రాగానే రాయి పెట్టడం నేర్చుకుంటారు. రాయి ఉంది అంటే మనిషి కొండ మీదే ఉన్నాడు, అంతే. ఇంకో లెక్క ఆ ఊరివాళ్ళ బుర్రలోకి రాదు.

నా తెల్లరాయి ఇంకా అక్కడే ఉంది. తీసి విసిరేద్దామని వంగాను. చెయ్యి మీద ఒకటి వేసింది.

"ఊరికే తియ్యకూడదు. దిగినోల్లే తియ్యాల. ఎక్కి, దిగి, అప్పుడు తియ్యి."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? బూట్లు ఎలాగూ తెచ్చినావు కదా, ఏసుకో."

ఆ రకంగా రెండోసారి దొరకొండ ఎక్కాను. ఈసారి దారి చూపిస్తాననేవాళ్ళు ముందు నడుస్తుంటే నోరు మూసుకుని వెనక నడిచాను. కొండ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మొదటిసారి నేను చూసింది నా కాళ్ళే. డోలీ మోసేవాళ్ళు దొరసానిని దింపి ఊపిరి తీసుకున్న బండ చూపించింది. వాళ్ళ తాత ఆ మోసేవాళ్ళలో ఒకడు. దొర బంగ్లాకి పైకప్పు లేదు, గోడల మీద మర్రి కాదు, రావి మొలిచింది. గదిలో చలి మంట గూడు, దాని పొగ గొట్టం మాత్రం చెక్కు చెదరలేదు. "ఈ దేశంలో సలి మంటేటో ఆల్లకి" అంది. ప్రతి ఏడూ వానలు వెళ్ళాక మెట్ల మీద పెరిగిన తుప్పలన్నీ ఆవిడే కొడుతుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఇచ్చిందీ లేదు.

"మరెందుకు కొడతావు?"

"ఎతకడానికి దారుండాల కదా."

పైకి వెళ్ళేసరికి మొత్తం చెప్పింది. తల్లీ తండ్రీ ఒకే వానాకాలంలో మలేరియాతో పోయారు. అప్పటికి జీవరత్నానికి పదహారు, సంజయ్‌కి ఐదు. ఆకులు కోసి, విస్తర్లు కుట్టి, శృంగవరపుకోట సంతలో అమ్మి, తనని అప్పా అని పిలిచే తమ్ముణ్ణి పెంచింది. తనకి పెళ్ళయి బెన్హర్ ఆ ఇంటికే వచ్చాక కూడా సంజయ్ ఆవిడకి మొదటి బిడ్డే. ఆ ఇంట్లో ఒక విలువైన వస్తువుండేది. దొర వెళ్ళిపోతూ తాతకి ఇచ్చిన ఇత్తడి దుర్భిణి. పండగలప్పుడు మాత్రమే పెట్టెలోంచి తీసేవారు. సంజయ్‌కి దాంట్లోంచి సముద్రం చూడటం పిచ్చి. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకరోజు అడక్కుండా పట్టుకెళ్ళి కొండ మీద రాళ్ళలో పడేశాడు. ముందున్న పెద్ద అద్దం ఊడి ఎక్కడో పడిపోయింది.

"ఏడుస్తా దిగినాడు. నాను సానా తిట్టినాను. తెల్లారి ఎతికి తెస్తానప్పా అని రాయెట్టినాడు. నాను ఇలగే ఆ బండ కాడ నిలబడి సెప్పినాను. అద్దం దొరికితేనే దిగు, నేకపోతే ఈ రాయి తియ్యడానికి రాకు అన్నాను." కాసేపు నడిచింది. "ఆడు నా మాట ఎప్పుడూ కాదననేదు."

నెలంతా వెతికారు. ఆనవాలు దొరకలేదు. ఏడాది తర్వాత పాస్టరుగారు ఖాళీ పెట్టెకి భూస్థాపన ప్రార్థన చేశారు. అందరూ రాయి తీసెయ్యమన్నారు. "దిగినోడే తియ్యాల" అని ఈవిడ ఒప్పుకోలేదు. ప్రతి శనివారం ఎక్కింది. లోయలు, గుహలు, తేనెపట్ల బండలు అన్నీ వెతికింది. ఈ పంతొమ్మిదేళ్ళలో తప్పిపోయిన పశువులు దొరికాయి, తాగి పడిపోయిన కుర్రాళ్ళు దొరికారు, ఒకావిడ చెవి కమ్మ దొరికింది. తమ్ముడు గానీ, అద్దం గానీ దొరకలేదు. ఊళ్ళోకి షికారు జనం రావడం మొదలయ్యాక, కొండ ఇంతలా తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు కాబట్టి దారి చూపించే పని దానంతటదే వచ్చింది.

కొండ కొమ్మున నిలబడ్డాం. ఆ రోజు గాలి తేటగా ఉంది. దూరంగా, ఆకాశం కింద సన్నగా నీలం గీత. మా సముద్రం! చిన్నపిల్లలా గంతేశాను. జీవరత్నం మాత్రం దానికి వీపు పెట్టి లోయలోకి చూస్తోంది.

"నువ్వు చూడవా అక్కా?"

"ఎప్పుడూ సూడనేదు. ఆడు దీని మీద మోజుతోనే పోనాడు. నాకేటి పనుంది దాంతో?"

తర్వాత మెల్లగా అవతలి వైపు తిరిగింది. అటు రోడ్డు, ఇంకా కిందకి రైలు పట్టాలు కనిపిస్తున్నాయి. రోడ్డు కొత్తదే గానీ పట్టాలు ఎప్పట్నించో ఉన్నాయి. అలా చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు.

"అటేపు దిగీసుంటాడంటావా?" అంది.

"తెలీదక్కా. దిగి ఉండొచ్చు."

"దిగుంటే బతికుంటాడు. బతికుంటే ఇన్నేల్లూ నా కాడికి రానట్టు." కళ్ళు తుడుచుకుంది. "బతికుంటే సంపేస్తాను ఎదవని."

కిందకి దిగాం. "దిగేవా?" అని అడిగింది. "దిగేను" అన్నాను. నా తెల్లరాయి తీసి గెడ్డలోకి విసిరాను. జీవరత్నం నల్లరాయి పక్కన కూర్చుని దాన్ని ఒక వేలితో తాకింది. ఆ వేలు నన్ను ఇంటిదాకా వెంటాడింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇరవై ఏళ్ళ కిందటి మనిషిని ఎలా పట్టుకోవడం? ఫోటో లేదు. పేరు మార్చుకుని ఉండొచ్చు. అప్పుడు తట్టింది. పేరు మార్చుకోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు, కానీ నడక రాగానే నేర్చుకున్న రాయి? సముద్రం పిచ్చి ఉన్న మనిషి అవతల దిగి ఎటు పోతాడు? పొద్దున్నే మా నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, రేవులన్నిట్లోనూ నీకు తెలిసినవాళ్ళున్నారు కదా. బోటు ఎక్కే ముందు ఒడ్డున రాయి పెట్టి, వచ్చాక తీసేవాడు ఎవడైనా ఉన్నాడేమో అడుగు."

"ఓలమ్మా, పిచ్చెక్కిందేటే నీకు?"

అంతా విని ఫోన్ పెట్టేశాడు. రెండు వారాలకి తనే ఫోన్ చేశాడు. గొంతులో అదోలాంటి సిగ్గు. "ఒసే పిల్లా, భీమిలి నుంచి బారువ దాకా అందర్నీ అడిగినాను. సివరికి మన ఎంకీ నవ్వినాడు. ఆడి బోటు మీదకెల్లే కొండోడు ఉన్నాడే, సంజీవి, ఆడే రాయి ఎడతాడట. నాను పదేను ఏల్ల బట్టి సూస్తన్నాను. ఏదో మొక్కనుకున్నాను."

మా రేవులోనే! ఆరో తరగతి నుంచి హాస్టళ్ళలో పెరిగిన నాకు ఆ మనిషి తెలియదు. ఆయన పట్టిన చేపలు మాత్రం తిని ఉంటాను.

శుక్రవారం సెలవు పెట్టి భావనపాడు వెళ్ళాను. పొద్దున్నే ఒడ్డున, వలలు ఆరేసే రాట పక్కన, ఇసకలో గుప్పెడంత కంకర రాయి ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోవట్లేదు. దాని పక్కనే కూర్చున్నాను. ఎండ చుర్రుమనే వేళకి వెంకీ బోటు వచ్చింది. అందరూ చేపల బుట్టలు దింపుతుంటే ఒక మనిషి ముందుగా రాట దగ్గరికి వచ్చాడు. నల్లగా, బలంగా ఉన్నాడు, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. రాయి కోసం వంగాడు.

"దిగేవా?" అన్నాను.

"దిగేను" అన్నాడు వెంటనే. ఆ తర్వాత, రాయి చేతిలో ఉండగానే, బిగుసుకుపోయాడు. తలెత్తి నన్ను చూశాడు. నేనెవరో అడగలేదు.

"నా రాయి ఉన్నాదా?" అన్నాడు.

"ఉంది. మీ అప్ప ఎవర్నీ ముట్టనివ్వలేదు."

ఇసకలో కూలబడిపోయాడు. వెంకీ పరిగెత్తుకొచ్చాడు, నీళ్ళిచ్చాడు. తాగి, అప్పుడు చెప్పాడు. ఆ రోజు సాయంత్రం దాకా అద్దం కోసం వెతికాడట. దొరకలేదు. దొరక్కుండా దిగొద్దంది కదా అప్ప. అవతల దిగి రైలెక్కాడు. రెండేళ్ళు కష్టపడి అలాంటి అద్దం ఎక్కడైనా కొనుక్కుని వెనక్కి వెళ్దామనుకున్నాడు. ఒకసారి శృంగవరపుకోట సంత దాకా వెళ్ళాడు కూడా. అక్కడ ఆకులమ్మే ఎవరో, ఈయన ఫలానా అని తెలియక, ఇప్పమానువలసలో కుర్రాడు పోయాడనీ ఖాళీ పెట్టె పూడ్చడం, పాస్టరు ప్రార్థన కూడా అయిపోయాయనీ చెప్పారు.

"పెట్టె పూడ్సేసినాక రాయి ఉంచుతారేటి? తీసేసుంటారనుకున్నాను. రాయి నేనోడు ఏ మొకం ఎట్టుకుని దిగుతాడు?" అన్నాడు. చేతిలో రాయి తిప్పుతూ, "ఇసకలో రాల్లు దొరకవమ్మా. ఇది కోటబొమ్మాలి టేసను కాడ పట్టాల మీద ఏరుకున్నాను. రోజూ ఇదే ఎడతాను" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇంత దగ్గర్లో ఉండి, రైలెక్కితే ఒక పూట ప్రయాణం, ఇన్నేళ్ళు అక్కని కొండ చుట్టూ తిప్పావా అని కేకలేశాను. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. వాళ్ళావిడ బుట్ట దింపి వచ్చి, "ఇంకా తిట్టండమ్మా. నాకు కొండ మీద ఎవరూ నేరని సెప్పినాడు" అంది.

మర్నాడే బయల్దేరాం. డిసెంబరు రెండో శనివారం. సంజయ్‌ని శృంగవరపుకోటలో కూర్చోబెట్టి ముందు నేనొక్కదాన్నే ఊళ్ళోకి వెళ్ళాను. జీవరత్నం బండ దగ్గరే ఉంది. చెప్పాను. ఆవిడ చేతిలో విస్తరి ఆగలేదు. ఇంకో రెండు ఆకులు కుట్టింది, తిరగేసి కుట్టింది, విప్పి మళ్ళీ కుట్టింది. దీవెన ఏడుస్తోంది, బెన్హర్ "ఎక్కడున్నాడు, పద తీసుకొద్దాం" అంటున్నాడు.

"ఇటు రానియ్యకు ఆడ్ని" అంది జీవరత్నం.

"అదేమిటక్కా!"

"రాయి ఊరికే తియ్యకూడదు. అటేపునించి ఎక్కి, ఇటేపు దిగమను. అప్పుడు తీస్తాడు."

ఆ మనిషికి ఏం చెప్పగలం? ఆటోలో అవతలి వైపు పంపించాం. రెండు గంటల్లో దిగిపోవాలి. మూడు గంటలైంది. నాలుగైంది. ఊరంతా వచ్చి బండ చుట్టూ నిలబడింది. సోములు కుంటుకుంటూ వచ్చాడు. మళ్ళీ అటే దిగిపోయాడేమోనని నాకు భయమేసింది. జీవరత్నం మాత్రం మెట్ల వైపు చూస్తూ కదలకుండా కూర్చుంది. వేళ్ళు మాత్రం చీర చెంగుని మెలిపెడుతున్నాయి.

ఎండ పసుపు రంగుకి తిరిగే వేళకి మెట్ల మీద కనిపించాడు. సముద్రానికి అలవాటైన కాళ్ళు, మెట్లకి తడబడుతున్నాయి. మోకాళ్ళ నిండా మట్టి, అరచేతులు గీరుకుపోయి రక్తం కారుతున్నాయి. చంకలో వాళ్ళావిడ పంపిన ఎండుచేపల పొట్లం. బండకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. అంతకంటే దగ్గరికి రాలేదు. రాయి వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"ఇంతసేపేటి?" అంది జీవరత్నం.

"అద్దం ఎతికేనప్పా." ఖాళీ చేతులు రెండూ ఎదరకి చాపి చూపించాడు. "దొరకనేదు."

ఆ మాటతో జీవరత్నం మొహం ముక్కలైపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఏ లోయలోనూ ఏడవనంత ఏడుపు ఏడ్చింది. చివరికి చెంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఊరి పద్ధతి ప్రకారం అడిగింది.

"దిగేవా?"

"దిగేనప్పా."

"మరి తియ్యిరా."

రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. రాయి లేచిన చోట బండ తెల్లగా, తడిగా ఉంది. గెడ్డలో పడిన చప్పుడు అందరం విన్నాం.

ఆ తర్వాతి శనివారం నేను ఊరికే, ఏం జరిగిందో చూద్దామని మళ్ళీ వెళ్ళాను. నా జబ్బు పోదు కదా. బండ దగ్గర ఎవరూ లేరు, దీవెన ఒక్కతే ఆకులు కుడుతోంది. బండ మీద రెండు రాళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పట్టాల కంకర రాయి.

"మీ అమ్మ ఏదీ?"

"మావతో ఎక్కింది" అంది దీవెన. "సముద్రం సూడ్డానికి."